గుమ్మం ముందు మగ చెప్పులు

నేను ఒక తొమ్మిదో నంబరు మగ చెప్పుల జతను. ముదురు గోధుమరంగు తోలు, అడ్డంగా రెండు పట్టీలు, బొటనవేలికో ఉంగరం. నన్ను మీరు ఇంట్లోకి రానివ్వరు. మురికిదాన్నంటారు. ఉమ్ములు తొక్కుతాను, పేడ తొక్కుతాను, కాబట్టి గడప బయటే నా చోటు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఇన్నాళ్లూ గడప బయట కూర్చుని నేను చూసిన అసలు మురికి రోడ్డు మీద లేదు. అది స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మెట్లెక్కి వచ్చి నా ముందు నిలబడి మాట్లాడింది. ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ నా తోలు ముడుచుకుపోతుంది.

పుట్టింది హైదరాబాదు పాతబస్తీలో, ఒక మేడమీది కార్ఖానాలో. నన్ను కుట్టిన ముసలాయన పేరు సత్తార్. అట్టమీద పాదం గీసి, తోలు కోసి, మైనం రాసిన దారంతో కుట్టి, చివరికి అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేసి, మంచి చోట్ల తిరగమని దీవించి పంపాడు. పాపం, ఆ దీవెన ఫలించలేదు. నేను పోయి పోయి ఒక ఇళ్ల బ్రోకరు కాళ్లకు చిక్కాను.

అతని పేరు యాదగిరి. చెడ్డవాడని చెప్పలేను. మంచివాడని చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు. టులెట్ బోర్డు వేలాడే ప్రతి గేటూ అతనికి తెలుసు. డొక్కు స్కూటరు మీద అద్దె ఇళ్లవాళ్లను వెంటేసుకుని తిరిగేవాడు, కుదిరిన ఇంటికి ఒక నెల అద్దె కమిషను పుచ్చుకునేవాడు. రెండేళ్లు నన్నే తొడిగాడు. అతని అయిదు వేళ్లకు నాలో అయిదు గుంటలు పడ్డాయి, మడమకొక పల్లం పడింది. ఆ రెండేళ్లలో నేనెక్కని మెట్లు లేవు, వినని ప్రశ్నలు లేవు. ఇంటి ఓనర్లని ఒక జాతి ఉంది చూశారూ, వాళ్లు అద్దెకిచ్చేది రెండు గదులు, వంటిల్లు. అడిగేది మాత్రం మూడు తరాల చరిత్ర. మీరేమిటోళ్లు? మాంసం వండుతారా? చుట్టాలు ఎక్కువొస్తారా? పిల్లలు గోడల మీద గీస్తారా? నీళ్లు మాత్రం వారానికి మూడు రోజులే వస్తాయని అడ్వాన్సు తీసుకున్నాక చెబుతారు.

అలాంటి రోజుల్లో యాదగిరి వెంట జలజ అనే ఆవిడ తిరగడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఊరు సూర్యాపేట. నగరంలో ఒక రక్తపరీక్షల సెంటర్లో సూది గుచ్చి శాంపిల్స్ తీసే ఉద్యోగం. భర్తతో విడాకులై నాలుగేళ్లయింది. ఆయన పైసా పంపడు, ఫోనెత్తడు, ఎక్కడుంటాడో కోర్టుకే తెలియదు. మూడో తరగతి చదివే కూతురు ఉంది, పేరు మనస్విని, అందరూ మిన్ను అంటారు. ఖాళీ కడుపుతో రక్తమిచ్చేవాళ్ల కోసం జలజ తెల్లవారి ఆరున్నరకే సెంటర్లో ఉండాలి. బడి ఎనిమిదిన్నరకు. పిల్లను దింపడానికి ఇంకో మనిషి లేదు. అందుకని బడి ఉన్న గల్లీలోనే ఇల్లు కావాలి, పిల్ల తాళం వేసుకుని తనే నడిచి వెళ్లేటట్టు. ఇల్లు దూరమైతే బడన్నా మానాలి, ఉద్యోగమన్నా మానాలి. లెక్క అంతే. ఆ గల్లీలో అద్దెలు చూస్తే ఆవిడ జీతంలో సగం. మిగతా సగంలోనే ఫీజు, బియ్యం, గ్యాసు, బస్సు, పిల్లకొచ్చే జ్వరాలు.

అద్దె ఇస్తానన్నా ఇల్లు దొరకలేదండీ. పదకొండు ఇళ్లు చూశాం. "మీ ఆయన ఏం చేస్తడు?" అని అడగడం, ఈవిడ నిజం చెప్పడం, వాళ్ల మొహం మారడం. ఒక మహాతల్లి అయితే గేటులో నిలబెట్టి, "మగవాళ్లెవరన్నా వస్తరా?" అని గట్టిగా అడిగింది. రారని జలజ చెప్పింది. "మరి మగదిక్కు లేకుంట ఎట్లమ్మా?" అంది ఆ తల్లే, మరుక్షణం. మగవాడు వస్తే తప్పు, రాకపోతే తప్పు! మనిషి నోట్లో నాలుక ఒకటే ఉంటుందని సత్తార్ అనుకుంటూ ఉండేవాడు, ఆయనను తీసుకొచ్చి ఆ గేటు ముందు నిలబెట్టాలి.

పదకొండో ఇంటి మెట్ల మీద యాదగిరి ఆగాడు. అటూ ఇటూ చూశాడు.

"అక్కా, ఒక్క మాట చెప్త, ఏమనుకోకు. మీ సారు ఊర్లు తిరిగే నౌకరి అని చెప్పు. బోర్‌వెల్ బండ్ల మీద సూపర్‌వైజరు అను. మళ్ల, గుమ్మం ముందు మగ చెప్పులు కనపడాలె. ఓనర్లు మొదలు జూసేది గదే."

"కొత్త చెప్పులు కొనాల్నా ఏంది?" అంది జలజ అలసిపోయి.

"కొత్తయి నమ్మరక్కా. తొడిగినయే పని చేస్తయ్." అంటూ నన్ను అక్కడే, ఆ మెట్టు మీదే విడిచాడు. నాకు గుండె ఉంటే కరిగిపోయేది. ఎంత దయ అనుకున్నాను. అంతలోనే, "మూడొందలు ఇయ్యి చాలు, కమిషన్ల కలపను," అన్నాడు. బేరం ముగించి ఉత్త కాళ్లతో స్కూటరు ఎక్కి పోయాడు. కాళ్లకున్న చెప్పుల్ని ఇలా అమ్ముకున్నవాడు ఆ నగరంలో అతనొక్కడే అయ్యుంటాడు.

పన్నెండో ఇల్లు దయాకర్ గారిది. ఏదో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనాయన. కింద తానూ భార్య సుశీలమ్మా ఉంటారు, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తారు. జలజ బోర్‌వెల్ కథ చెప్పింది. చెబుతున్నంతసేపూ మెడ ఎర్రబడింది. సుశీలమ్మ అన్నిటికీ తల ఊపి, చివరికి, "మీ సారు ఊర్ల ఉన్నప్పుడు చూస్తంలే," అంది. మర్నాడు సామాను దిగింది. సామాన్లన్నిటికంటే ముందు నన్ను గుమ్మం పక్కన పెట్టారు.

ఇక నా వైభవం చూడాలి! మేడమీది ట్యాంకు చూడడానికి రోజూ వచ్చే సుశీలమ్మ, నన్ను చూడగానే గొంతు తగ్గించేది. నిజం చెబుతున్నాను, నన్ను చూసి కొంగు సర్దుకునేది. "వచ్చిండ్రా? పండుకున్నరా? పోనీలే, లేపకు," అని పిల్లి అడుగులతో దిగిపోయేది. మనిషిని చూడాలని అడగనైనా లేదు, నన్ను చూస్తే చాలు ఆవిడకు. తెల్లవారుజామున లేచి, వండి, పరుగెత్తి, ఊరి జనం రక్తమంతా తీసి, బస్సులో వేలాడి వచ్చే మనిషిని చూసి ఏనాడూ గొంతు తగ్గించలేదు ఆవిడ. లోపల మనిషే లేని రెండు తోలు ముక్కలకు ఆ మర్యాదంతా. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పక్క పోర్షన్ ముందు నిజమైన మగ చెప్పులుండేవి. వాటిలో నిజమైన మొగుడు ఉండేవాడు. పళ్లెం విసిరేవాడు, పెళ్లాన్ని తిట్టేవాడు, ఆ తిట్లు మూడిళ్లకు వినపడేవి. "సంసారమన్నంక ఉంటయ్," అనేది సుశీలమ్మ. అది మర్యాదగల కుటుంబం మరి.

నన్ను నడిపే బాధ్యత మిన్ను తీసుకుంది. తొడుక్కునే మనిషి లేని చెప్పులు ఒకేచోట ఉంటే అనుమానం వస్తుందని ఆ ఎనిమిదేళ్ల బుర్రకు తనంతట తనకే తట్టింది. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో 'నాన్న వచ్చే రోజులు' అని గళ్లు గీసుకుంది. నాన్న ఊళ్లో లేని రోజుల్లో నన్ను కవరులో చుట్టి మంచం కింద పెట్టేది. వచ్చే శనాదివారాల్లో గుమ్మం బయట పెట్టేది. పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు, ఒక్కోసారి ఒకటి బోర్లా. బోర్లాపడ్డ చెప్పు ఇంట్లో గొడవ తెస్తుందని సుశీలమ్మ వచ్చి, కాలితో తిప్పి సరిచేసి పోయేది.

అలా ఇంట్లోకి అడుగుపెట్టగలిగిన అరుదైన చెప్పుల్లో నేనొకదాన్ని. మంచం కింద నుంచి చూశాను ఆ కాపురం. నెలనెలకూ పొడుగవుతున్న పిల్లకు యూనిఫారం గౌను అంచు రెండుసార్లు విప్పి దించింది జలజ. పాత మడత తెల్లగా గీతలా కనపడుతుంటే, మిన్నే నీలం పెన్నుతో దాని మీద దిద్దుకునేది. ఉడికించిన గుడ్డు ఒకటి ఉండేది. "నాకు పచ్చసొన పడదే," అనేది తల్లి. అబద్ధం. పిల్ల వదిలేసిన పచ్చసొన ముక్కను ఒకసారి గిన్నె కడుగుతూ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమలడం చూశాను.

ఒకసారి మూడు రోజులు ఎడతెగని వాన పడింది. నాన్న ఊళ్లో ఉన్న శనివారం అది. మిన్ను మేడమీది పూలకుండీలోంచి మట్టి తీసి, నీళ్లు పోసి, తన చిన్న పాదాలు నాలో దూర్చి తపతపా తొక్కింది. అప్పుడే జలజ మెట్లెక్కి వచ్చింది.

"ఏం చేస్తున్నవే?"

"వానల నాన్న చెప్పులు పొడిగుంటే ఆంటీకి డౌటొస్తదమ్మా," అంది పిల్ల. తెలివైన పని చేశానన్న సంతోషం మొహమంతా.

జలజ అక్కడే మెట్టు మీద కూలబడింది. నవ్వలేదు, కొట్టలేదు. "ఛీ, ఏం నేర్పుతున్ననే నీకు నేను," అంది. ఆ ఛీ పిల్లను కాదు, తనను తానే. కాస్సేపటికి లేచి ఆ పాదాలు కడిగింది. నన్ను కడగలేదు. మురికిగా ఉండడమే కదా నా ఉద్యోగం.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం కాలేదు. మిన్ను నాలుగో తరగతికొచ్చింది. పరీక్షలు ఇంకో నెల ఉన్నాయనగా, పక్క పోర్షన్‌ వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. కొత్తవాళ్లను చూడమని దయాకర్ గారు యాదగిరికి కబురు పెట్టారు. నా ఖర్మ కాలి అది శనివారం. నేను బయటే ఉన్నాను.

యాదగిరి వచ్చాడు. కాళ్లకు కొత్త చెప్పులు, తళతళలాడుతూ. నా పక్కనే విడిచాడు. నన్ను చూశాడో లేదో. సుశీలమ్మతో కలిసి ఖాళీ పోర్షన్ అంతా చూసి, ఎంత చెప్పాలో మాట్లాడుకుని, అదే ధ్యాసలో బయటకొచ్చి కాలు పెట్టాడు. ఎక్కడ పెట్టాడనుకున్నారు? నాలో. రెండేళ్ల అలవాటు కాళ్లది. అయిదు వేళ్లూ అయిదు గుంటల్లో చక్కగా కూర్చున్నాయి, మడమ పల్లంలో దిగింది. నాలుగు మెట్లు దిగాడు కూడా.

"యాదగిరీ, ఆగు! అవి జలజా వాళ్లాయనవి. నీవి ఇక్కడున్నయ్," అంది సుశీలమ్మ.

యాదగిరి కిందికి చూసుకున్నాడు. పొరపాటైందమ్మా అని విడిచేస్తే పోయేది. వెధవ నోరు ఊరుకుందా? "అయ్యో, అలవాటుల తొడిగిన," అన్నాడు.

"అలవాటా?" అంది సుశీలమ్మ. ముక్కున వేలేసుకుంది. ఆ వేలు ముక్కు మీద ఉండగానే ఆవిడ మనసులో ఏ బొమ్మ తయారవుతోందో నాకు అర్థమైపోయింది. మొగుడు లేడని తెలిస్తే అదొక్కటే పాపం అనుకున్నాం. ఇప్పుడు ఇంకోటి వచ్చి చేరింది. బ్రోకరు చెప్పులు జలజ గుమ్మంలో, అదీ శనాదివారాల్లో! థూ.

మధ్యాహ్నం జలజ డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద పంచాయితీ సిద్ధంగా ఉంది. దయాకర్ గారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సుశీలమ్మ నా ఎడమ చెప్పును రెండు వేళ్లతో పట్టుకుని నిలబడింది, నేనేదో చచ్చిన ఎలుకనైనట్టు. యాదగిరి గోడకానుకుని తన కొత్త చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఒంటిపూట బడి నుంచి వచ్చిన మిన్ను బ్యాగు కూడా దించకుండా తల్లి పక్కకు చేరింది.

"మంచి కుటుంబమని ఇల్లిస్తిమి," అన్నారు దయాకర్. "వీని చెప్పులు నీ గుమ్మంల ఎట్లున్నయమ్మా? మా ఇంట్ల గిసువంటివి నడవయ్. సోమవారం కల్ల ఖాళీ చెయ్యి."

జలజ యాదగిరి వైపు చూసింది. మూడొందలకు అమ్మానని ఒక్క ముక్క చెబితే చాలు. వాడు నోరు విప్పలేదు. విప్పితే పక్క పోర్షన్ కమిషను పోతుంది. రెండేళ్లు వాడి కాళ్ల కింద పడి ఉన్నాను గానీ, వాడు ఇంత కిందిస్థాయి మనిషని నాకే తెలియలేదు.

అప్పుడు మిన్ను ముందుకొచ్చింది. సుశీలమ్మ చేతిలోంచి నన్ను లాక్కుంది. లోపలి వైపు తిప్పి చూపించింది.

"ఇక్కడ చూడుండ్రి ఆంటీ. పెద్ద వేళ్ల గుంటల మీద చిన్న వేళ్ల మచ్చలున్నయ్ గదా, అవి నావి. వానొచ్చినప్పుడు నేనే తొడుక్కొని బురదల తొక్కిన. ఈ అంకుల్ మా ఇంటికి రాలే. నాన్న కూడ రాలే. ఎవ్వరూ రాలే." చెప్పును అమ్మ చేతికిచ్చింది. "నాకు నాన్న లేడు. అమ్మ ఉంది."

జలజ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ మెడ ఈసారి ఎర్రబడలేదు.

"అవునంకుల్. అబద్ధం చెప్పిన. పదకొండు ఇండ్లల్ల నిజం చెప్తే ఒక్కరూ ఇయ్యలే, అందుకే చెప్పిన. ఆ చెప్పులు మూడొందలు పెట్టి ఇతని దగ్గరే కొన్న. అద్దె కట్టింది నేను, కరెంటు బిల్లు కట్టింది నేను. పద్నాలుగు నెలలల్ల నా ఇంటికి ఒక్క మగమనిషి వచ్చిండా, గల్లీల ఎవర్నన్నా అడుగుండ్రి. పిల్ల పరీక్షలు నెల ఉన్నయ్. గంతే నేను చెప్పేది."

దయాకర్ గారు గొంతు సవరించుకున్నారు. భార్య వైపు చూశారు. ఆవిడ ఏదో సైగ చేసింది. పరువు గురించి ఉపన్యాసం వస్తుందనుకుని నేను చెవులు మూసుకోబోయాను.

"చూడు బిడ్డా," అన్నారాయన, గొంతులో బెల్లం కలుపుకుని. "మేం గూడ ఆడపిల్లల తల్లిదండ్రులమే. ఒంటరి ఆడోళ్లకిస్తే మాకు రిస్కు గదా. మనిషన్నంక అర్థం చేసుకోవాలె. నెలకు ఇంకో రెండు వేలు పెంచియ్యి. ఉండు. మాకేం అభ్యంతరం లేదు."

విన్నారా? రెండు వేలు! సోమవారం దాకా ఆగలేని పరువు, రెండు వేలకు బుద్ధిగా కూర్చుంది. ఆ క్షణంలో నాకు వాంతి వచ్చినంత పనైంది. చెప్పుకు వాంతేమిటని నవ్వకండి.

"చెప్పులు మాత్రం అట్లనే ఉండనియ్యమ్మా," అందుకుంది సుశీలమ్మ. "మా చుట్టాలొస్తరు, కాలనీవాళ్లొస్తరు. బాగుండది."

మిన్ను బడి గేటు అక్కడి నుంచే కనపడుతుంది. జలజ అటే చూసింది. తర్వాత ఇటు తిరిగింది.

"రెండిట్ల ఒకటే ఇస్త. చెప్పులుంచుమంటే ఉంచుత, పాత అద్దెకే ఉంట. పైసలు కావాల్నంటే ఇస్త, చెప్పులు మాత్రం ఈ గుమ్మంల ఉండయ్. అప్పుడు ఎవరడిగినా నా మొగుడు లేడనే చెప్త. మీరే చెప్పుండ్రి, పరువు కావాల్నా, పైసలు కావాల్నా?"

వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కనీసం ఒక్క నిమిషం ఆలోచిస్తారనుకున్నాను. అంత కూడా పట్టలేదు.

"పైసలే ఇయ్యమ్మా," అన్నారు దయాకర్ గారు.

ఆ రెండు వేల కోసం జలజ ఆదివారాలు అమ్ముకుంది. ఆ సాయంత్రమే సెంటర్‌కు ఫోన్ చేసి, ఇళ్లకు వెళ్లి శాంపిల్స్ తీసుకొచ్చే డ్యూటీ ఒప్పుకుంది. తల్లీకూతుళ్లకు కలిసి ఉండడానికి వారంలో మిగిలిందే ఆ ఒక్క రోజు. అదీ దయాకర్ గారి జేబులోకి పోయింది. నాకది ఇప్పటికీ మింగుడు పడదు. బయటి మనుషులు మాత్రం, చూశావా ఎంత మంచి ఓనరో, ఒంటరి ఆడమనిషికి ఇల్లిచ్చాడని చెప్పుకుంటారు, నాకు తెలుసు.

సోమవారం పొద్దున చెత్త ఆటో పాట పాడుతూ గల్లీలోకి వచ్చింది. జలజ డ్యూటీకి వెళుతూ నన్ను రెండు చేతులా తీసుకుని దిగింది. విసిరెయ్యలేదు, తడి చెత్త పక్కనున్న పొడి చెత్త డబ్బాలో పెట్టింది. ఆటో కదిలినప్పుడు పైకి చూశాను. నేను కూర్చునే చోట మిన్ను తన బడి బూట్లు పెడుతోంది. పక్కనే అమ్మ పాత రబ్బరు చెప్పులు. రెండు జతలూ సరిగ్గా సర్ది, ఒకసారి వెనక్కి జరిగి చూసుకుని, పిల్ల లోపలికి పోయింది.

ఇప్పుడు నేను ఊరి చివర చెత్తగుట్ట మీద ఉన్నాను. వాసన సంగతి అడగకండి. అయినా మెట్ల మీది ఆ వాసన కంటే నయం. నిన్న ఒక ముసలామె గోనెసంచితో వచ్చి, పనికొచ్చేవి ఏరుకుంటూ నా కుడి చెప్పును చేతిలోకి తీసుకుంది. దులిపింది, వంచి చూసింది, ముచ్చటపడింది. ఎడమది కోసం చుట్టూ వెతికింది. అది ఏ సంచి కింద పడిందో నాకే తెలియదు.

"మంచి తోలే. జత లేకుంటే ఏం లాభం, ఒంటిది దేనికి పనికొస్తది," అని గొణుక్కుంటూ నన్ను మళ్లీ గుట్ట మీదికి విసిరింది.

ఆమెకు నోరు తెరిచి చెప్పాలనిపించింది. జతగా ఆ గుమ్మంలో పద్నాలుగు నెలలు కూర్చున్నాను తల్లీ, ఒక్క పని చేస్తే ఒట్టు. ఆ ఇల్లంతా నడిపింది ఒంటి మనిషే.